పండుగ రెండు రోజులు చెత్తబండి రాకపోతే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మా శీర్షికకు అందిన ఉత్తరాల్లో క్రిస్మస్ సెలవుల్లో ఇంట పోగుపడే చెత్త గురించి అడిగినవే ఎక్కువ. నల్లగొండ, పాలమూరు వైపు డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్ కూడికలు, క్యారల్స్, కేకు కోతలు మొదలవుతాయి కనుక, ఈ చెత్త 25వ తేదీన పుట్టి 26న పోయేది కాదు. నెల పొడుగునా కొంచెం కొంచెంగా పెరిగి, పండుగ రెండు రోజుల్లో ఒక్కసారిగా గుమ్మం ముందు కుప్పపడి, 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన ముగిశాక మరోసారి కనిపిస్తుంది. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, పేర్లు తీసేసి, ఊళ్ల పేర్లు మాత్రం ఉంచి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: 24 సాయంత్రానికి హైదరాబాదు నుంచి, మిర్యాలగూడ నుంచి చుట్టాలు వచ్చి మా ఇంట్లో మొత్తం పద్నాలుగు మందిమి అవుతాం. పోయినేడాది పండుగ రెండు రోజులూ చెత్తబండి రాలేదు. కోడి బొక్కలు, బిర్యానీ మెతుకులు, కేకు డబ్బాలు అన్నీ ఒకే సంచిలో కట్టి మెట్ల కింద పెడితే, 26 రాత్రి కుక్కలు చింపి వాకిలంతా ఈడ్చాయి. ఈసారి ఏం చేయమంటారు?
— గృహిణి, నల్లగొండ

జవాబు: అమ్మా, కుక్కలను ఆ సంచి దగ్గరికి రప్పించినవి బొక్కలే అయినా, మీ వాకిలి నిండింది మాత్రం వాటితో కలిపి కట్టిన మిగతా సామానుతో. వట్టి కేకు డబ్బా రెండు నెలలు మూలన పడి ఉన్నా వాసన రాదు, దాని జోలికి కుక్క రాదు. ఈ రెండు రకాలూ ఒకదానినొకటి తాకకుండా చూసుకోగలిగితే మీ కష్టంలో ముప్పాతిక వంతు అక్కడే తీరుతుంది.

తెలంగాణలో డిసెంబరు 25తో పాటు 26 కూడా సాధారణ సెలవు దినం. కొన్ని వాడలకు ఆ రోజుల్లోనూ బండి వస్తుంది, కొన్నింటికి రాదు. చెత్త ఎత్తే సఫాయి కార్మికుల్లో ఈ పండుగ చేసుకునే కుటుంబాలు కూడా ఉన్నాయి, వాళ్లు ఆ పూట ఇంటి దగ్గర ఉండాలనుకోవడం న్యాయమే. కనుక 24 పొద్దున వచ్చిన బండి తిరిగి 27 పొద్దుననే వస్తుందని లెక్క వేసుకుని, ఇంట్లో ఉన్న పాత చెత్తనంతా 24నే ఇచ్చేసి, ఖాళీ డబ్బాలతో పండుగ మొదలుపెట్టండి.

తడి చెత్తకు మూత గట్టిగా పట్టే ఇరవై లీటర్ల పెయింటు బకెట్లు రెండు చాలు. అడుగున రెండు మూడు పాత దినపత్రికలు మడిచి పరచండి. కూరగాయల తొక్కలు, పళ్లెంలో మిగిలిన మెతుకులు వేసే ముందు పులుసును, నీటిని జల్లెడ గిన్నెలో వడకట్టండి. చెత్త కుళ్లి కంపు కొట్టడానికి మొదటి కారణం అందులో నిలిచే నీరే. రోజుకు రెండుసార్లు, పూట భోజనాలయ్యాక, పైన గుప్పెడు పొయ్యి బూడిదో, ఎండుటాకులో, రంపపు పొట్టో చల్లి మూత పెట్టండి. బకెట్టును ఎండ తగలని చోట, నేలకు ఎత్తుగా, అరుగు మీదో స్టూలు మీదో ఉంచండి.

బొక్కలను మాత్రం ఆ బకెట్టులో కూడా వేయవద్దు. పెరడు ఉంటే మూరన్నర లోతు గుంతను 24నే తవ్వించి పెట్టుకుని, వేసినప్పుడల్లా మట్టి కప్పి, చివరికి పైన ఒక బండ పెట్టండి. పెరడు లేని ఇళ్లవాళ్లు మాంసం కడిగినప్పుడు తీసేసిన కొవ్వు, పేగులు వంటివాటిని కాగితంలో చుట్టి, మూతగల డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో 27 దాకా ఉంచవచ్చు. కొందరికి ఇది ఎబ్బెట్టుగా తోచవచ్చు గాని, మెట్ల కింద పురుగు పట్టడం కంటే మేలు. కోడిని ఇంటి దగ్గర కోయించకుండా దుకాణంలోనే శుభ్రం చేయించి తెచ్చుకుంటే ఈకలు, తోలు మీ గుమ్మం దాటి లోపలికే రావు.

అట్టపెట్టెలు, సీసాలు, కూల్‌డ్రింకు బాటిళ్లు, పాల కవర్లు ఒక పెద్ద గోనె సంచిలోకి వెళ్లాలి. పాల కవరును కత్తిరించేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెగనీయకుండా కవరుకే ఉంచి, లోపల ఒకసారి నీళ్లతో తొలిచి ఆరబెడితే చాలు. పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి వేరుగా ఉంచండి, వాటిని ఈ రెండింటిలో దేనిలో కలిపినా ఆ సంచి మొత్తం పనికిరాకుండా పోతుంది.

అన్నం, కూరలు మిగులుతాయని తోచినప్పుడు ఆ సంగతి రాత్రి దాకా వాయిదా వేయవద్దు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకో, ఇరుగుపొరుగు ఇళ్లకో చేరిన బిర్యానీ భోజనమే. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా గిన్నెలో నిలిచిన దానిని ఎవరికైనా ఇవ్వడం మంచి పని కాదు.

ప్రశ్న: మా సంఘంలో పండుగనాడు సుమారు నాలుగు వందల మందికి ప్రేమ విందు పెడతాం. పోయినసారి వాడిపారేసిన పళ్లేలు, గ్లాసులు చర్చి వెనుక కుప్పపోశాం, గాలికి అవి పక్క చేన్లలోకి కొట్టుకుపోయి రైతులతో మాట పడ్డాం. పేపర్ ప్లేట్లు వాడితే సరిపోతుందా? అనుమతి ఏమైనా తీసుకోవాలా?
— యువజన సంఘ సభ్యుడు, జడ్చర్ల దగ్గరి పల్లె

జవాబు: ముందు లెక్క చూడండి. ఒక్కొక్కరికి పళ్లెం, గ్లాసు, పాయసానికి చిన్న కప్పు, చెంచా ఇచ్చారనుకుంటే నాలుగు వందల మందికి పదహారు వందల వస్తువులు. గంటన్నరలో వాడి పారేసే ఆ పదహారు వందల ముక్కలను తర్వాత ఏరేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. చేన్లలోకి ఎగిరిపోవడంలో ఆశ్చర్యం లేదు.

ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, ఫోర్కులు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, మిఠాయి పెట్టెల మీద చుట్టే పల్చని ప్లాస్టిక్ పొర, ఇవన్నీ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషిద్ధమే. ఇంకా దుకాణాల్లో దొరుకుతున్నాయంటే అది నిషేధం లేకపోవడం వల్ల కాదు. ఇక పేపర్ ప్లేటు అన్న పేరు చూసి మోసపోకండి. కూర పోసినా నానకుండా ఆపే ఆ మెరిసే పొర చాలావాటిలో ప్లాస్టిక్కే. ఒక ప్లేటును నీళ్లలో అరగంట నానబెట్టి గోటితో గీరితే పల్చటి పొర ఊడి వస్తుంది. అది కాగితంగా అమ్ముడుపోదు, మట్టిలోనూ కలవదు.

మన ప్రాంతానికి తెలిసిన దారి మోదుగాకు విస్తరి. చీపురు పుల్లలతో కుట్టిన విస్తరి తిన్న తర్వాత నేరుగా ఎరువు గుంతలోకి వెళ్తుంది, అంటిన మెతుకుతో సహా. కాకపోతే ఇప్పుడు సంతల్లో మిషను మీద అచ్చుగుద్దిన విస్తర్లకు వెనుక అట్టనో, ప్లాస్టిక్ పొరనో అంటించి అమ్ముతున్నారు. కొనేటప్పుడు తిప్పి చూసి, వెనుక కూడా ఆకు కనబడితేనే తీసుకోండి. నాలుగు వందల విస్తర్లు ఒక్కరోజులో కుట్టడం కుదరదు గనుక కుట్టేవాళ్లకు పది పదిహేను రోజుల ముందే చెప్పాలి.

రెండో దారి, నా ఉద్దేశంలో ఇంకా మంచిది, టెంటు సామాన్లు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర దొరికే స్టీలు పళ్లేలు, గ్లాసులు. వాటిని వద్దనడానికి అందరూ చెప్పే కారణం కడగడం. ఆ పని ఎప్పుడూ ఆడవాళ్ల నెత్తిన పడుతుంది కనుకనే విసిరేసే ప్లేటు సుఖమనిపిస్తుంది. ఉత్తరం రాసింది యువజన సంఘం కనుక ఈసారి కడిగే బాధ్యత మీ కుర్రవాళ్లు తీసుకోండి. తిన్నవాళ్లే ఎంగిలిని ఒక డ్రమ్ములోకి దులిపి, పళ్లేన్ని మొదటి గాబులో ముంచి పెడితే, రెండో గాబులో తోమి, మూడో గాబులో తొలచడానికి నలుగురు చాలు. నీళ్లు కూడా పారే కుళాయి కింద కడిగినంత పట్టవు. తాగడానికి ప్యాకెట్లు, చిన్న సీసాలు మానేసి ఇరవై లీటర్ల క్యాన్లు పెట్టండి. ఫ్లోరైడు భయంతో నల్లగొండ వైపు ప్రతి విందుకూ ఆ క్యాన్లు ఎలాగూ వస్తున్నాయి, వాటి పక్కన స్టీలు గ్లాసులు ఉంచితే సరిపోతుంది.

అనుమతి సంగతి. లైసెన్సు లేని స్థలంలో వంద మందికి మించి కూడే కార్యక్రమాన్ని జరిపేవారు కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలనీ, అక్కడ పుట్టే చెత్తను అక్కడికక్కడే వేరుచేసి వారు చెప్పినవారికి అప్పగించాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే ఉంది. మీది పల్లె కనుక పంచాయతీ కార్యదర్శికి ఒక కాగితం రాసివ్వండి. మధ్యలో ఆదివారం వస్తే దానిని పనిదినంగా లెక్కపెట్టకూడదు. నియమం కోసమే కాదు, పంచాయతీ ట్రాక్టరు విందు మర్నాడు మీ చర్చి దాకా రావాలంటే ముందు చెప్పడమే దారి. 2019లో మొదలైన పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమంతో ట్రాక్టరు చాలా ఊళ్లకు వచ్చింది గాని, 26న దానిని తోలే మనిషిని మీరు ముందుగా అడిగి పెట్టుకోవాలి.

ప్రశ్న: విందులో మిగిలిన అన్నాన్ని ఊరి బయట పోస్తే మా పక్కింటివాళ్ల బర్రె తిని మూడో రోజుకు చనిపోయింది. అన్నం తింటే పశువు చస్తుందా, లేక ఇంకేమైనా జబ్బా?
— రైతు, కల్వకుర్తి ప్రాంతం

జవాబు: ఆ బర్రెను చూడకుండా చెప్పలేం గాని, అన్నం తిని పశువు చనిపోవడం నిజంగా జరిగేదే. గడ్డి నెమ్మదిగా అరగడానికి ఏర్పడిన కడుపులోకి ఒక్కసారిగా బుట్టెడు అన్నం పడితే, అందులోని పిండిపదార్థం వేగంగా పులిసి ఆమ్లం పుడుతుంది. దానితో మొదటి పొట్టలో గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు నశించి, ఆ ఆమ్లం రక్తంలోకి చేరుతుంది. మేత ముట్టకపోవడం, నెమరు ఆగిపోవడం, కడుపు ఉబ్బడం, పుల్లటి వాసనతో నీళ్లలాంటి పేడ వేయడం, తూలడం, తర్వాత లేవలేకపోవడం దీని గుర్తులు. గొర్రెలు, మేకలకు ఇంకా తక్కువ అన్నమే ప్రమాదం, మందలు తిరిగే మన పాలమూరు పల్లెల్లో ఇది చిన్న విషయం కాదు.

తిన్నదని తెలిసిన వెంటనే, గుర్తులు కనబడేదాకా ఆగకుండా, పశువైద్యుడికి చెప్పండి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. వంట సోడా నీళ్లు తాగించడం పల్లెల్లో తెలిసిన చిట్కాయే అయినా, ఎంత అన్నది పశువు బరువును బట్టి డాక్టరు చెప్పాలి.

మిగిలిన అన్నాన్ని పారబోయడమే తప్పనిసరి అయితే గుంతలో పోసి మట్టి కప్పండి. పాలిథిన్ సంచిలో ముడి వేసి పారేయడం మాత్రం అన్నిటికంటే చెడ్డది. ముడి విప్పడం పశువుకు రాదు కనుక సంచితో సహా మింగుతుంది, ఆ ప్లాస్టిక్ అరగక పొట్టలోనే చుట్టుకుని ఉండిపోతుంది.

ప్రశ్న: మా ఇంట్లో డ్రమ్ములో ఎరువు తయారుచేస్తున్నాను. మామూలు రోజుల్లో బాగానే ఉంటుంది. పండుగకు అన్నం, కేకు, నారింజ తొక్కలు అన్నీ ఒకేసారి వేసేసరికి కంపు కొట్టి, తెల్ల పురుగులు వచ్చాయి. పారబోయాలా?
— విశ్రాంత ఉద్యోగి, దేవరకొండ

జవాబు: పారబోయకండి. డ్రమ్ములోకి గాలి ఆడటం లేదని ఆ కంపు చెబుతోంది. వండిన అన్నం జిగురుగా ముద్దకట్టి గాలిని ఆపేస్తుంది. డ్రమ్ములోనిదంతా ఒక గోనె మీద పోసి, ముద్దలు విడదీసి, తడి చెత్త ఎంత ఉందో దానికి రెండింతల కొలత ఎండుటాకులు కలిపి తిరిగి నింపండి. వేప, రావి ఆకులు ఈ కాలంలో వాకిట్లోనే రాలుతుంటాయి, వాటిని ఊడ్చి కాల్చేబదులు ఒక సంచిలో దాచుకుంటే పండుగకు అక్కరకొస్తాయి. పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి నీరు కారకూడదు, అంతకంటే తడిగా ఉంటే ఇంకొన్ని ఆకులు వేయండి. ఒక చెంబుడు పేడనీళ్లో, పులిసిన మజ్జిగో చల్లితే పని త్వరగా మొదలవుతుంది.

ఆ పురుగులు మీ ఎరువుకు హాని చేయవు, తడి తగ్గితే వాటంతట అవే పోతాయి. కేకు మీది క్రీము, నూనె కూరలు, బొక్కలు డ్రమ్ములో వేయవద్దు. నారింజ, బత్తాయి తొక్కలు చిన్న ముక్కలు చేసి వేయవచ్చు, వానపాములతో చేసే ఎరువు అయితే అవి కూడా వద్దు. చలికాలంలో ఎరువు కావడానికి మామూలు కంటే ఇంకొన్ని రోజులు పడుతుంది, రెండు నెలలు అనుకోండి. ఫిబ్రవరి ఆఖరుకు, కుండీలకు ఎండ తగలక ముందే మీ చేతికి వస్తుంది.

ప్రశ్న: మా పాఠశాలలో, ఇంట్లో కలిపి క్రిస్మస్ అలంకరణ సామాను చాలా ఉంది: ప్లాస్టిక్ చెట్టు, థర్మోకోల్ నక్షత్రాలు, తళుకుల కాగితాలు, బహుమతులు చుట్టిన మెరుపు కాగితాలు. పాత సామాను కొనే అతను వీటిలో అట్టపెట్టెలు తప్ప ఏదీ ముట్టుకోలేదు. ఎందుకు?
— ఉపాధ్యాయురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అతని దృష్టితో చూస్తే కారణం సులువుగా తెలుస్తుంది. ఒకే పదార్థంతో చేసినది, శుభ్రంగా ఉన్నది, బరువు తూగేది అతనికి సరుకు. థర్మోకోల్‌లో అధిక భాగం గాలే, బండెడు తీసుకెళ్లినా తూకానికి రాదు. తళుకుల కాగితంలో కాగితం, ప్లాస్టిక్, అల్యూమినియం పూత ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, విడదీసే ఖర్చు సరుకు విలువను మించిపోతుంది.

చుట్టిన కాగితం అసలు కాగితమేనా అని తేల్చుకోవడానికి దానిని గుప్పిట్లో గట్టిగా నలిపి వదిలేయండి. నలిగినట్టే ఉంటే కాగితం, దానిని టేపు ఊడదీసి పాత పేపర్లతో కలపవచ్చు. చప్పుడు చేస్తూ విచ్చుకుంటే ప్లాస్టిక్ పొర. పొడి రాలే తళుకులు అంటించిన గ్రీటింగు కార్డులు కూడా పేపర్ల కట్టలోకి వద్దు. ఆ తళుకులు సన్నగా కత్తిరించిన ప్లాస్టిక్కే, ఒక కార్డు కట్టంతటికీ అంటిస్తుంది. చిప్స్ ప్యాకెట్ల వంటి పలు పొరల ప్లాస్టిక్కును, ఈ మెరుపు పొరలను పొడిగా వేరుచేసి ఇస్తే సిమెంటు బట్టీల్లో ఇంధనంగా వాడే పద్ధతి దేశంలో ఉంది. తడి అంటితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ప్లాస్టిక్ చెట్టు ఎక్కువగా పీవీసీ అనే రకం ప్లాస్టిక్ ఆకులను ఇనుప తీగకు మెలిపెట్టి చేస్తారు, అందుకే దానిని ఇనుము కింద తీసుకోరు, ప్లాస్టిక్ కింద తీసుకోరు. ఉన్నదానిని విప్పి, పాత చీరలో చుట్టి అటక మీద పెట్టండి, పదేళ్లయినా వస్తుంది. కొత్తగా కొనదలచినవారు కుండీలో పెరిగే చెట్టు చూడండి. నర్సరీల్లో క్రిస్మస్ చెట్టు పేరుతో అమ్మేది అరౌకేరియా. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో తూర్పు వైపు నీడలో ఉంచి నీళ్లు తప్పకపోతే మరుసటి డిసెంబరుకు ఒక జానెడు పెరిగి ఉంటుంది. నక్షత్రానికైతే వెదురు బద్దల చట్రం ఒకసారి కట్టించుకుని, ఏటా రంగు కాగితం మాత్రం మార్చుకోవచ్చు. పిల్లలతో చేయించడానికి ఇంతకంటే మంచి పని నాకు తోచడం లేదు. ఈత మట్టలు, కొబ్బరి మట్టలు, మామిడాకులు, బంతిపూలతో పందిరి కట్టే చర్చిలు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి, వాటి అలంకరణ జనవరిలో ఎరువు గుంతలో ఉంటుంది.

ప్రశ్న: నేను తడి, పొడి వేరుగా ఇస్తాను. బండివాళ్లు నా కళ్ల ముందే రెండూ ఒకే తొట్టిలో వేస్తారు. ఇక ఈ శ్రమ ఎందుకు?
— పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మీ కోపం న్యాయమైనదే, దానిని కాదనను. అయితే పొడి చెత్తను రోజూ బండికి ఇవ్వాలన్న నియమం లేదు. శుభ్రంగా ఉన్న పొడి చెత్త నెల రోజులైనా ఇంట్లో ఉండగలదు. దానిని కూడబెట్టి పాత సామాను కొనేవాళ్లకు అమ్మండి, డబ్బు అక్కరలేకపోతే బండి మీద వచ్చే కార్మికుడి చేతికే విడిగా ఇవ్వండి. చాలాచోట్ల వాళ్లు అట్టలు, సీసాలు ఏరుకుని అమ్ముకుంటారు కనుక మీరు విడిగా ఇచ్చినది తొట్టిలో పడదు. రెండు అరలు ఉన్న బండిలో కూడా కలిపి వేస్తుంటే వార్డు అధికారికి రాతపూర్వకంగా చెప్పండి, నలుగురు పొరుగువారు సంతకం పెడితే ఆ కాగితానికి బరువు వస్తుంది.

వేరుచేయడానికి ఇంకో కారణం నేను నా తప్పు వల్లే నేర్చుకున్నాను. కొన్నేళ్ల కింద పండుగ రోజు పగిలిన గాజు గోళాలను వంటింటి చెత్తతో కలిపి సంచి కట్టి ఇచ్చాను. సంచిని ఎత్తిన అమ్మాయి అరచెయ్యి తెగింది. ఆమె ఏమీ అనలేదు, చీర కొంగు చుట్టుకుని పక్క ఇంటికి వెళ్లిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో పగిలిన గాజును అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన పెద్ద అక్షరాలతో గాజు అని రాసి, ఇచ్చేటప్పుడు నోటితో కూడా చెబుతాం.

ప్రశ్న: పాత ప్లాస్టిక్ చెట్టు, డబ్బాలు చలిమంటలో వేస్తే సరిపోతుంది కదా అని మా తాత అంటున్నారు.
— విద్యార్థిని, నారాయణపేట

జవాబు: తాతగారి కాలంలో చలిమంటలో పడినవి కట్టె, పిడక, కంది కంప. పీవీసీ కాలితే గొంతు మండించే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువుతో పాటు డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. చలికాలపు రాత్రి నేలను అంటుకుని ఉన్న చల్లగాలి పైకి లేవదు కనుక ఆ పొగ మీ వాడలోనే నిలుస్తుంది, మంట చుట్టూ కూర్చున్నవాళ్లే దానిని ముందు పీలుస్తారు. చెత్తను బహిరంగంగా కాల్చడం నియమాల ప్రకారం కూడా తప్పు. మిగిలిన బూడిదను పెంటకుప్ప మీద పోస్తే ఎండాకాలం పెంట తోలేటప్పుడు అది చేనులోకి చేరుతుందని ఆయనకు చెప్పండి, రైతు కనుక ఆ మాట వింటారు.

ప్రశ్న: వెలగని సీరియల్ బల్బుల దండలు, పిల్లల బొమ్మల్లోని బ్యాటరీలు ఎక్కడ వేయాలి?
— పాఠకురాలు, వనపర్తి

జవాబు: దండలను వెంటనే పారేయకండి. చాలాసార్లు పోయేది ప్లగ్గు దగ్గరి వైరో, ఒక్క బల్బో మాత్రమే, ఎలక్ట్రీషియన్ పది నిమిషాల్లో అతుకుతాడు. బాగుకానివి ఎలక్ట్రానిక్ చెత్త కిందికి వస్తాయి. రాగి కోసం వైర్లను కాల్చేవారికి కాకుండా, పాత పరికరాలు తీసుకునే ఎలక్ట్రానిక్ దుకాణానికి ఇవ్వండి. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యతను 2022 నాటి నియమాలు తయారీదారుల మీద పెట్టాయి. అంతదాకా వాటి రెండు కొనలకు టేపు అంటించి, పొడిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో దాచండి. లిథియం బ్యాటరీ చెత్తబండిలో నలిగితే మంట లేస్తుంది.

బటన్ బ్యాటరీల విషయంలో మాత్రం చెత్త కంటే పెద్ద భయం ఉంది. పాటలు పాడే కార్డుల్లో, మెరిసే బొమ్మల్లో ఉండే ఈ చిన్న బిళ్లను పసిపిల్లలు మింగితే, అది అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపలి పొరను కాల్చేయగలదు. మింగారన్న అనుమానం కలిగినా ఏమీ ఆలోచించకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: గారెలు, అరిసెలు వేయించగా మిగిలిన నూనెను మోరీలో పోస్తున్నాం. తప్పా?
— గృహిణి, మిర్యాలగూడ

జవాబు: తప్పే. చలికి అది పైపు లోపల పేరుకుని, మెతుకులతో కలిసి గడ్డకట్టి మోరీని మూసేస్తుంది. ఒకసారి వాడిన నూనెను వడకట్టి, రెండు రోజుల్లోపు తాలింపులకు వాడేయండి, మళ్లీ వేయించడానికి వద్దు. నల్లబడి నురుగు వస్తున్నదైతే చల్లారాక బూడిదలోనో, రంపపు పొట్టులోనో ఇంకించి, కాగితంలో పొట్లం కట్టి వేరుగా ఇవ్వండి. ఎరువు డ్రమ్ములో పోయకండి.

ప్రశ్న: యేసు పుట్టుకను చూపడానికి మేము ఇంట్లో కట్టే చిన్న పశువుల పాకలో వరిగడ్డి వేస్తాం. పండుగ అయ్యాక ఆ గడ్డి మా దూడకు వేయొచ్చా?
— ఏడో తరగతి పాఠకురాలు, గద్వాల

జవాబు: తప్పకుండా వేయొచ్చు, తల్లీ, ఒక షరతు మీద. గడ్డిని దుప్పటి మీద పరచి, అమ్మతో కలిసి కూర్చుని గుప్పెడు గుప్పెడుగా దులపాలి. గుండుసూది, బల్బుల తీగ ముక్క, స్టేపుల్ పిన్ను ఒక్కటి ఉన్నా దూడ చూసుకోకుండా మింగుతుంది, అది పొట్ట గోడను గుచ్చి గుండె దాకా కూడా వెళ్లవచ్చు. మంచు కోసం వేసిన దూదిని, తళుకులు అంటిన గడ్డిని తీసేసి పొడి చెత్తలో వేయి. వచ్చే ఏడు పాకలో తళుకులు చల్లకుండా ఉంటే ఈ ఏరే పని సగం తగ్గుతుంది. ముగ్గురు జ్ఞానుల పండుగ దాకా, అంటే జనవరి 6 వరకు, పాకను ఉంచే అలవాటు మీకు ఉంటే అప్పటికి పైగడ్డికి దుమ్ము పట్టి ఉంటుంది. ఆ పైపొరను ఎరువు గుంతకు వేసి, కిందిది దూడకు వేయి.